కానుకల సంచిలో తెల్ల గింజ

ఇంగ్లీషు పాఠం చెప్పడంలో ఆళ్ళగడ్డ మొత్తానికి ఆనందరావు సారే సారు. మాటకు అర్థం చెప్పి ఊరుకోడు, దాని పుట్టుక కూడా తవ్వి తీస్తాడు. బాయ్‌కాట్ అనేది ఐర్లండులో ఒక దొర పేరు. కౌలుదార్లను పీడిస్తే ఊరంతా ఏకమై అతని చేను కోయలేదు, ఇంట్లో పని చేయలేదు. ఆస్ట్రసైజ్ అంటే పూర్వం ఏథెన్సులో కుండపెంకు మీద పేరు గీకి మనిషిని ఊరు దాటించడం. బ్లాక్‌బాల్ అంటే క్లబ్బులో చేరబోయేవాణ్ణి రానీయకుండా పెట్టెలో నల్ల గోళీ వేయడం. మనకు 'వెలి' ఒక్కటి సరిపోయింది, వాళ్ళకు ఇన్ని కావలసొచ్చాయని నవ్వేవాడు. రెండువేల మూడు ఎండాకాలంలో ఆ నవ్వు ఆగిపోయింది.

కూతురు రెబెకా నల్లమల చెంచుల అబ్బాయి శేఖర్‌ను రిజిస్టరాఫీసులో పెళ్ళాడింది. అతను బాప్తిస్మం తీసుకోలేదు. చర్చి సంఘం చాలాకాలం చూసీచూడనట్టు ఊరుకుంది. తీరా ఆమె కేన్సరుతో నంద్యాల ఆసుపత్రిలో పడి, డాక్టర్లు చేతులెత్తేశాక సంఘపెద్దలకు నీతి గుర్తొచ్చింది. ప్రభువు బల్లకు దూరం చేస్తే, అంటే సంఘంలోంచి వెలేస్తే, చర్చి సమాధుల దొడ్లో చోటుండదు. రెబెకా అడిగిందల్లా తనను ఆ దొడ్లో అమ్మ సమాధి పక్కన పెట్టమనే.

కూటంలో తీసెయ్యాలన్నవాళ్ళు చేతులెత్తడం వాడుక. ఆనందరావూ పెద్దల్లో ఒకడే. దేవసహాయం, యేసుదాసు, మిగతావాళ్ళు ఒక్కొక్కరే ఇంటికొచ్చి, మనసులో మేం మీవైపే సార్, పాస్టరు అయ్యగారు చూస్తుండగా చెయ్యెత్తకుండా కూర్చోలేమంతే అన్నారు. వాళ్ళ పిల్లలంతా ఆయన చలవతో గట్టెక్కినవాళ్ళే. పిచ్చి సారు, నమ్మాడు. పాఠంలోని నల్ల గోళీ గుర్తొచ్చి, గుట్టుగా ఓటేద్దామన్నాడు. కానుకల సంచి తిప్పుదాం, ఎవరి పిడికిట్లో ఏముందో దేవుడికే ఎరుక. ఉండనిద్దామంటే తెల్ల అలసంద, తీసేద్దామంటే చింతగింజ. అయ్యగారు అడ్డు చెప్పలేదు.

సంచి తిరిగొచ్చింది. బల్ల మీద బోర్లించారు. అన్నీ చింతగింజలే, వాటి నడుమ ఒక్క అలసంద. అది ఎవరిదో చెప్పనక్కర్లేదు. అంత గుట్టుగా వేసినా ఎవరి ఓటేదో తేలిపోయింది. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటినాక బోడి మల్లయ్య. దేవసహాయం భుజం తట్టి, దేవుని చిత్తం సార్ అన్నాడు. పుట్టి బుద్ధెరిగాక ఎవరినీ కొట్టని ఆనందరావుకు ఆ చెయ్యి విరిచెయ్యాలనిపించింది.

మర్నాడు నంద్యాల బస్సెక్కాడు. మంచం దగ్గర శేఖర్ రెబెకా పాదాలు ఒత్తుతున్నాడు. ఆనందరావు ఏదీ దాచలేకపోయాడు. సంచి తిప్పమన్నది తానేనని కూడా చెప్పాడు.

"చేతులెత్తనిచ్చింటే బాగుండు నాయనా," అనింది రెబెకా. "నువ్వు ఎదురుగా కూసోనింటే, నీ మొగం చూస్తా ఎవురికీ చెయ్యి లేచేది కాదు."

ఆనందరావు మంచం కోడు పట్టుకుని నిలబడ్డాడు. శేఖర్ లేచి బయటికి వెళ్ళి, చోటు చూసిపెట్టమని తమ గూడేనికి కబురు పంపాడు.