గొంతు పట్టేంత చోటు

మా మామ ఇశ్రాయేలు రైల్వేలో పనిచేసి రిటైరై దబీర్‌పురాలోనే ఉంటున్నాడు. గొంతు క్యాన్సర్ ఆపరేషన్‌తో మాట పోతుందని ముందే తెలిసి, ఆయన గొంతును నా పాత లాప్‌టాప్‌లో రికార్డు చేసి పెట్టాను. ఇప్పుడు ఆయన టైపు చేస్తే అది ఆయన గొంతుతోనే పలుకుతుంది. మా అత్త కళావతికి షుగర్‌తో చూపు పోయింది. ఆయన రాసింది ఆమె చదవలేదు. ఇద్దరి మధ్యా ఉన్నది ఆ డబ్బా ఒక్కటే.

ఈమధ్య అది మాట మధ్యలో ఆగిపోతోంది. ఇంకో లాప్‌టాప్ కొంటే కాపీ తీసి పెడతానని మా ఆయన ప్రేమ్‌రాజ్‌కు చెప్పి చెప్పి నా నోరు నొప్పి పుట్టింది. "చూద్దాంలే సోనీ" అనడం తప్ప ఏనాడైనా కొన్నాడా?

ఆ రోజు ఆసుపత్రిలో అత్త కాలు చూసి, సాయంత్రంలోగా పాదం తీసెయ్యకపోతే ప్రాణానికే ముప్పన్నాడు డాక్టర్. ఆపరేషన్‌కు ఒప్పుకునే కాగితం మీద ఆమె వేలిముద్ర వెయ్యనంటే వెయ్యనంది.

"కండ్లు పాయె. ఇగ కాలు గూడ ఇయ్యాల్నా? మీ మామను చెప్పమను. ఆయన గొంతు ఇంటేనే ఏస్త."

మామ టైపు చేస్తే లాప్‌టాప్ మొదటి మాటకే ఆగిపోయింది. ఆయన ఆమె చెయ్యి పట్టుకుని తలూపాడు. తలూపితే ఆమెకేం కనపడుతుంది? నాకు ఏడుపొచ్చింది.

మంచం పక్కన స్టూలు మీద లాప్‌టాప్ పెట్టుకుని పరీక్షిస్తే, మెమరీ ఒకచోట చెడిందని తేలింది. అది బోర్డుకే అతికి ఉంది, మార్చలేం. కంప్యూటర్ లేవగానే దాన్ని నడిపించే కెర్నల్‌కు ఎంత మెమరీ ఉందో తెలియదు. కొత్తగా అద్దెకు దిగినవాళ్లు ఏ గదులు వాడుకోవచ్చో ఓనర్ని అడిగినట్టు, బోర్డును అడుగుతుంది. ఇవి వాడుకో, ఇవి ముట్టుకోకు అని బోర్డు చెబుతుంది. మా బోర్డు కురిసే గదిని కూడా బాగుందనే చెబుతోంది. కెర్నల్ నమ్మేస్తోంది. నేను చెయ్యగలిగిందల్లా, ఆ చోటు జోలికి పోవద్దని కెర్నల్‌కు ముందే ఒక ఆదేశం రాసివ్వడం.

భయంకొద్దీ ఎక్కువ చోటు వదిలెయ్యమని రాశాను. లాప్‌టాప్ లేచింది కానీ, మిగిలిన మెమరీలో మామ గొంతు పట్టలేదు. మరీ తక్కువ వదిలెయ్యమంటే మళ్లీ మాట మధ్యలోనే ఆగిపోతుంది.

"ఇంకెంతసేపు?" అన్నాడు ప్రేమ్‌రాజ్.

"జర సప్పుడు చెయ్యకుండ నిలబడు" అన్నాను, అత్త వింటున్నా సరే.

పరీక్షలో తప్పు ఎక్కడినుంచి ఎక్కడిదాకా తేలిందో మళ్లీ చూసి, అంతవరకే రాసి, ఆన్ చేశాను. చెడిన ముక్కను పక్కనపెట్టి కెర్నల్ లేచింది. ఈసారి గొంతు పట్టింది.

మామ ఒక్కో అక్షరం కొట్టాడు. ఆయన గొంతు గదంతా వినపడింది.

"కళా, కాలు పోతే పోనీ. నేను పట్టుకొని నడిపిస్త. నువ్వు ఉండు. నువ్వు లేకుంటే నేను ఎవలితోని మాట్లాడాలె?"

ఎక్కడా ఆగలేదు. అత్త బొటనవేలు నావైపు చాపింది.

"యాడ పెట్టాల్నో చూపియ్యి, బిడ్డా."