మధ్య వరస ఎలుకలు

పరిశోధనశాల ఎలుకల గదిలో ఇరవై రెండేళ్ళుగా పనిచేస్తున్న ఆవిడను భవనంలో అందరూ పెద్దమ్మ అనే పిలుస్తారు, ఆవిడ కన్నా పదేళ్ళు పెద్దవాడైన డైరెక్టరుతో సహా. ఆవిడకు వేరే పేరొకటి ఉందన్న సంగతి హాజరు పట్టీకి తప్ప ఎవరికీ గుర్తులేదు. గదిలో మూడు వందల పైచిలుకు ప్లాస్టిక్ పెట్టెలు, పెట్టెకో నీళ్ళ సీసా, పెట్టె ముందు ఒక అట్ట కార్డు. ఏ ఎలుక నిండు చూలాలు, ఏది పోట్లాటలమారి, ఏది భయపడితే పిల్లల్ని కొరికేస్తుంది, ఇవన్నీ పెద్దమ్మకు కార్డు చూడకుండానే తెలుసు.

మన పరిశోధకురాలికి అంత తెలియదు. ఆమెకు తెలిసింది ఒకే ఒక్క జన్యువు. దాని ఊసెత్తితే మాత్రం చల్లారిపోతున్న అన్నం సంగతి కూడా మర్చిపోయి చెబుతుంది. ఆడ ఎలుకైనా ఆడమనిషైనా జీవితానికి సరిపడా అండాలన్నీ మూటగట్టుకునే పుడుతుంది. ఆ తర్వాత చేరేవేమీ ఉండవు, తరిగేవే. ఆ మూట తొందరగా ఖాళీ అయిపోకుండా కాపు కాసే జన్యువుల్లో ఇదొకటి. దానికి రెండు ప్రతులుంటాయి, తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి. రెండూ చెడిపోయిన ఎలుకలు ఒకటి రెండు కాన్పులతో సరిపెట్టుకుని గొడ్డుపోతాయి. అది అందరికీ తెలిసిందే. ఒకటి చెడి ఒకటి బాగుంటే ఏమవుతుందన్నదే ఆమె తేల్చాలనుకున్నది.

ఆ ప్రశ్న ఆమెకు ఆకాశంలోంచి ఊడిపడలేదు. వాళ్ళ అమ్మకు ముప్పై నాలుగో ఏటే నెలసరి ఆగిపోయింది. అదేదో జబ్బు చేసి తగ్గాక వచ్చిన నీరసమని ఇంట్లో అందరూ సరిపెట్టుకున్నారు. చాలా ఏళ్ళ తర్వాత తల్లీకూతుళ్ళు ముగ్గురూ రక్తపరీక్ష చేయించుకుంటే, అక్కకు, అంటే ఈమెకు, రెండు ప్రతులూ బాగున్నాయని, అమ్మకూ చెల్లెలికీ ఒక్కొక్కటి చెడి ఉందని తేలింది.

అందుకని గదిలో ఒక గోడకు మూడు వరసలు పెట్టించింది. పై వరసలో మామూలు ఆడ ఎలుకలు ఇరవై. మధ్య వరసలో ఒక ప్రతి చెడినవి ఇరవై. కింది వరసలో రెండూ చెడినవి ఇరవై. ఒక్కోదానికి ఒక మగ ఎలుకను జతచేసి, తొమ్మిది నెలలపాటు ఏ కాన్పులో ఎన్ని పిల్లలో రాయించింది. కింది వరస అనుకున్నట్టే ఆగిపోయింది. మధ్య వరస మాత్రం పై వరసతో పోటాపోటీగా ఏడేసి, ఎనిమిదేసి పిల్లల్ని చూపిస్తూ చివరిదాకా నడిచింది. ఒక్క ప్రతి చాలునన్నమాట. ఆ రోజు ఆమె సంతోషం పట్టలేక పెద్దమ్మను కావలించుకుంది కూడా. ఎందుకో చెప్పలేదు, పెద్దమ్మా అడగలేదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే చెల్లెలు వచ్చి కూర్చుంది. అప్పుడు దాని వయసు ఇరవై తొమ్మిది. రైలు డ్రైవరు శిక్షణకు ఎంపికైంది. రెండేళ్ళ శిక్షణ, మధ్యలో మానేస్తే మళ్ళీ మొదటికొస్తుంది.

"అక్కా, పిల్లల సంగతి రెండేళ్ళు ఆగొచ్చా? మీ మరిది నా ఇష్టమంటున్నాడు. అమ్మను తలుచుకుంటే నాకే బెదురుగా ఉంది."

"అమ్మ ఒక్కతేనే. ఒక్క మనిషిని చూసి ఏం చెబుతాం? నేను చూసినవి అరవై ఎలుకలు. నీలాంటివి అందులో ఇరవై ఉన్నాయి, ముసలితనం వచ్చేదాకా కంటూనే ఉన్నాయి. నీకేం తొందర లేదు, హాయిగా వెళ్ళి రైలు నేర్చుకో."

చదువుకున్నవాళ్ళు ఇలాంటి మాటలు ఎంత ధీమాగా అంటారో చూడండి. చెల్లెలు ఎగిరి గంతేసినంత పని చేసింది.

రెండేళ్ళు గడిచాయి. పరిశోధన వ్యాసం అచ్చుకు పంపిస్తే, పరిశీలించినవాళ్ళు ఒక కొర్రీ వేశారు. పిల్లల లెక్క బాగుంది, మధ్య వరస ఎలుకల అండాశయాలు కూడా కోసి చూపించమన్నారు. ఆమె విసుక్కుంది. పిల్లలు కళ్ళెదుట కనబడుతుంటే మళ్ళీ అండాల లెక్క దేనికని ఇన్నాళ్ళూ ఆ పని పక్కన పెట్టింది. అయినా మైనపు దిమ్మల్లో దాచిన అండాశయాలు బయటికి తీసి, పల్చటి పొరలుగా కోయించి, రంగు వేయించి, ఒక ఉదయం సూక్ష్మదర్శిని ముందు కూర్చుంది.

పై వరస ఎలుకల్లో ఒక్కో అండాన్ని పొదువుకున్న చిన్న సంచులు అంచు వెంబడి బారులు తీరి ఉన్నాయి. మధ్య వరసవాటి పొరలు అంటించిన అద్దం పెట్టగానే ఆమె కళ్ళు తుడుచుకుంది. ఒక పొరలో మూడు, ఇంకోదాంట్లో ఒకటి, మరోదాంట్లో ఏమీ లేవు. కింది వరస అద్దాలు కలిసిపోయాయేమోనని చీటీలు చూసింది. కలవలేదు. పది ఎలుకలవి చూసేసరికి మధ్యాహ్నం అయింది. పదింటిలోనూ మామూలు ఎలుకల్లో పదోవంతు కూడా లేవు. ఖాళీ మూటతో ఏడేసి పిల్లల్ని ఎలా కన్నాయి? ఆమె లేచి ఎలుకల గదికి నడిచింది.

పెద్దమ్మ సీసాలు నింపుతోంది.

"పెద్దమ్మా, ఆ మూడు వరసల్లో పిల్లల్ని లెక్కపెట్టింది మీరేగా?"

"నేను కాక ఇంకెవరు? ఐదో రోజున, నువ్వు చెప్పినట్టే."

"ఎక్కడైనా పొరబాటు జరిగిందా?"

పెద్దమ్మ సీసా కింద పెట్టింది. "ఇన్నేళ్ళలో నన్ను ఆ మాట అడిగినదానివి నువ్వొక్కదానివే."

"కోప్పడకండి. మధ్య వరసవాటి కడుపులో అండాలే లేవు. అన్నేసి పిల్లలు ఎలా పుట్టాయో నాకు అంతుబట్టడం లేదు."

"పుట్టాయని ఎవరన్నారు?" అంది పెద్దమ్మ. "ఐదో రోజున పెట్టెలో ఎన్ని ఉన్నాయో రాయమన్నావు. ఉన్నవి రాశాను. ఎన్ని పుట్టాయో రాయమని నువ్వెప్పుడు చెప్పావు?"

పెద్దమ్మే చెప్పుకొచ్చింది. ఈ గదిలో ఎప్పుడూ ఏదో ఒక తల్లి చచ్చిపోతుంది, ఏదో ఒకటి పన్నెండు పిల్లల్ని కని సగాన్ని పట్టించుకోకుండా వదిలేస్తుంది. ఆ పిల్లల్ని పాలున్న ఇంకో తల్లి దగ్గరికి చేర్చడం ఆవిడ మొదటి రోజు నుంచీ చేస్తున్న పని. కొత్త తల్లి గూట్లోని పొట్టు పిల్లలకు రుద్ది, దాని పిల్లల మధ్యలో పడుకోబెడితే అది తేడా కనిపెట్టదు. పై వరసవాటికి సొంత పిల్లలతోనే ఊపిరాడదు. కింది వరసవాటికి ఒకటి రెండు కాన్పులయ్యాక ఇంక కాన్పూ లేదు, పాలూ లేవు.

"మధ్యవేమో బంగారంలాంటి తల్లులు. పాలు పుష్కలం. కాన్పు ఆగినా, తాగే పిల్లల్ని చేరుస్తూ ఉంటే ఆ పాలు ఎండవు. నాలుగో కాన్పు దాటాక చూస్తే పిల్లలు మాత్రం రెండో మూడో. ఇంకెక్కడ వెయ్యను? దాచిపెట్టి చేశానా? చేర్చిన పిల్లకల్లా కార్డు వెనక పెన్సిల్ చుక్క పెట్టాను. ఇదిగో, అన్నీ ఇక్కడే ఉన్నాయి."

పాత కార్డుల పెట్టె తీసి ముందు పెట్టింది. పరిశోధకురాలు ఇన్నాళ్ళూ ఆ కార్డులన్నిటికీ ముందువైపే ఫోటోలు తీసుకుంది. ఒక్కదాన్నీ తిప్పి చూడలేదు. ఇప్పుడు తిప్పింది. మధ్య వరస కార్డుల వెనక చుక్కలు మశూచి పోసినట్టున్నాయి.

"పెద్దమ్మా, ఎంత పని చేశారు!"

"ఏం చేశాను? కళ్ళ ముందు చస్తుంటే చావనివ్వమంటావా?" అంది పెద్దమ్మ. "చేర్చకూడదని ఒక్క మాటంటే చేర్చేదాన్నా? ఇదంతా దేనికోసమో ఈ మూడేళ్ళలో ఒక్కనాడైనా నాకు చెప్పావా?"

చెప్పలేదు. చెబితే ఆవిడకేం అర్థమవుతుందనుకుంది. ఆ సంగతి ఇప్పుడు తలుచుకుంటే ఆమెకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. "తప్పు నాదే పెద్దమ్మా" అంది. పెద్దమ్మ మళ్ళీ సీసా అందుకుంది.

బల్ల దగ్గర కూర్చుని చుక్కలన్నీ తీసేసి లెక్క మళ్ళీ వేసింది. మొదటి మూడు కాన్పులు బాగానే ఉన్నాయి. నాలుగో కాన్పుకు సగటున నాలుగు, ఐదో కాన్పుకు రెండు. ఆ తర్వాత ఇరవైలో పదిహేడు ఎలుకలకు సొంత కాన్పే లేదు, రాసినవన్నీ చేర్చిన పిల్లలే. మిగిలిన మూడింటివీ ఒకటీ అరా. ఎక్కడ తరిగితే అక్కడల్లా పెద్దమ్మ నింపుకుంటూ పోయింది. తనచేత ఈ పరిశోధన చేయిస్తున్న ప్రొఫెసరుకు ఫోను చేసింది. ఆయన, మళ్ళీ మొదటి నుంచి చేద్దాం, అది తేలేదాకా ఎవరికీ ఏమీ చెప్పొద్దన్నాడు. పద్ధతి ప్రకారం ఆయన మాట సబబే. ఇంకో తొమ్మిది నెలలు. ఆమె సంచి భుజాన వేసుకుని రైల్వే స్టేషనుకు బయలుదేరింది.

డ్రైవర్ల విశ్రాంతి గదిలో నాలుగు బల్లలు, గోడకు ఒక పెద్ద గడియారం, మూలన టీ కాచుకునే పొయ్యి. చెల్లెలు కొత్త యూనిఫారంలో ఉంది. పూర్తిస్థాయి డ్రైవరై నెల తిరగలేదు. అక్కను చూసి మొహం ఇంత చేసుకుని, పక్కనున్నవాళ్ళకు "మా అక్క, శాస్త్రవేత్త" అని పరిచయం చేసింది. వాళ్ళు మర్యాదగా లేచి బయటికెళ్ళారు.

అక్క నాన్చలేదు. అద్దాలు, చుక్కలు, పెద్దమ్మ, కొత్త లెక్క, అన్నీ ఉన్నవి ఉన్నట్టు చెప్పింది. "నేను నీకు చెప్పింది తప్పే. ఇంక ఒక్క రోజు కూడా ఆగొద్దు. రేపే డాక్టరు దగ్గరికి పోదాం."

చెల్లెలు టీ గ్లాసు తిప్పుతూ వింటోంది.

"వెళ్ళాను" అంది.

"ఎక్కడికి?"

"డాక్టరు దగ్గరికి. పోయిన ఏడాది. ఉద్యోగం పరీక్షలకి రక్తం తీస్తుంటే, పనిలో పనిగా ఇదీ చూడమన్నాను. అండాలు చాలా తక్కువున్నాయంది. ఆర్నెల్లు కూడా ఆగొద్దు, ఉన్నవాటినైనా తీసి దాచుకో అంది."

"ఎన్నాళ్ళయిందే?"

"పదకొండు నెలలు."

"మరి నాకు చెప్పలేదేం?"

"చెప్పడానికేముంది? మా అక్క అరవై ఎలుకల్ని చూసిందండీ, మీరు చూసింది ఒక్క సీసా రక్తం, అన్నాను ఆవిడతో. నవ్వుతూనే అన్నానులే. ఆవిడ ఇంకేదో చెప్పబోయింది, నేను వినిపించుకోలేదు. ఇంటికొచ్చి మీ మరిదితో కూడా చెప్పలేదు. అక్క చెప్పాక ఇంక డాక్టరేమిటి అనుకున్నాను."

అక్కకు ఏడుపు రాలేదు. ఏదో ఒకటి చెప్పాలి కాబట్టి చేతనైనదే మొదలుపెట్టింది.

"కొత్త లెక్క చూసినా, ఇరవైలో మూడింటికి చివరిదాకా ఒకటీ అరా పుడుతూనే ఉన్నాయి. అంటే..."

"ఎలుకల మాట ఆపక్కా. నా సంగతేమిటో చెప్పు."

అక్క నోరు తెరిచింది. లోపల వెతుక్కుంది. అక్కడ దొరికినవన్నీ ఎలుకలే.

"నీ సంగతి నాకు తెలియదే" అంది. "ఆ రోజూ తెలియదు."

చెల్లెలు టీ గ్లాసు పక్కన పెట్టింది. దాని మొహంలో కోపం లేదు. అలసిపోయినట్టు ఉంది.

"ఆ రోజు ఆ ఒక్క మాట అనుంటే సరిపోయేదిగా" అని, బల్ల మీద టోపీ తీసుకుని తన రైలు దగ్గరికి వెళ్ళిపోయింది.