నీంకె ఆదివారం దారి

ఆ ఉత్తరాన్ని ఆఫ్కె రెండు వేళ్ళతో, చచ్చిన ఎలుకని పట్టుకున్నట్టు పట్టుకుని తెచ్చి మొగుడి ముందు పడేసింది.

"నువ్వు చదువు. నావల్ల కాదు."

వీబె కళ్ళజోడు పెట్టుకుని చదివాడు. ప్రమాదాల్లో మనిషిని పోగొట్టుకున్నవాళ్ళకీ, ఆ ప్రమాదానికి కారణమైనవాళ్ళకీ మధ్య మాట కలిపే ఆఫీసు ఒకటుంది. ఉత్తరం అక్కణ్ణించి వచ్చింది. బస్తియాన్ అనే లారీ డ్రైవరు మిమ్మల్ని ఒక్కసారి కలవాలనుకుంటున్నాడు, మీకు ఇష్టమైతేనే, అని ఉంది అందులో.

పదకొండు నెలల కిందట ఆమ్‌స్టర్‌డాంలో ఒక కూడలి దగ్గర, కుడివైపు తిరుగుతూ వాళ్ళమ్మాయి నీంకెని పడగొట్టిన లారీ అతనిదే. నీంకెకి ఇరవై ఆరేళ్ళు. ప్రతి ఆదివారం లాగే ఊరికి ఉత్తరాన పొలాల్లో సైకిలు మీద తిరిగి ఇంటికొస్తోంది. అంబులెన్సులోనే ప్రాణం పోయింది. వీళ్ళు ఆసుపత్రికి చేరేసరికి మొహం దాకా దుప్పటి కప్పేశారు.

"ఏం చెప్తాడు? పొరపాటైందంటాడు," అంది ఆఫ్కె. "పొరపాటని నాకూ తెలుసు. చెప్తే పిల్ల లేచొస్తుందా?"

"నేను వెళ్తా," అన్నాడు వీబె.

ఆఫీసులో పనిచేసే ఆవిడ ఫోన్లో చాలా మర్యాదగా మాట్లాడింది. ఒక గది ఇస్తామని, కాఫీ ఉంటుందని, మధ్యలో తను కూర్చుంటానని చెప్పింది.

"గదులొద్దు. ఆదివారం పదింటికి స్టేషన్ వెనక పడవ రేవుకి రమ్మనండి. సైకిలు తెచ్చుకొమ్మనండి."

"సైకిలెందుకండీ?"

"తొక్కడానికి."

ఎందుకో వీబెకి బాగా తెలుసు. నీంకె తిరిగిన ఆ దారి మొత్తం అతనిచేత తిప్పించాలి. ఆమె ఆగిన చోటల్లా ఆపాలి. తను ఏం తీసేసుకున్నాడో కళ్ళారా చూడాలి వాడు. గదిలో బల్లకి అటూ ఇటూ కూర్చుంటే అదేం తెలుస్తుంది?

బస్తియాన్ అరగంట ముందే వచ్చి నిలబడ్డాడు. నలభై ఏళ్ళుంటాయి, భారీ మనిషి. భార్య సైకిలు తెచ్చుకున్నట్టున్నాడు, సీటు మరీ కిందికుంది. చెయ్యి చాపాడు. వీబె దాన్ని చూడనట్టు సైకిలు తోసుకుంటూ పడవెక్కాడు. పడవ నిండా సైకిళ్ళు, బుట్టల్లో పిల్లలు, ఎండ వచ్చిందని సంబరంగా ఉన్న జనం. అవతలి ఒడ్డు చేరేదాకా ఇద్దరూ నీళ్ళకేసి చూస్తూ నించున్నారు.

దిగి బయల్దేరాక తెలిసింది, బస్తియాన్‌కి తొక్కడం వచ్చుగానీ తొక్కలేకపోతున్నాడని. ప్రతి మలుపు దగ్గరా బ్రేకు వేసి, కాళ్ళు నేలకానించి, అటూ ఇటూ రెండేసిసార్లు చూసిగానీ కదలడు. మోకాళ్ళు హ్యాండిలుకి తగులుతున్నాయి. వెనకనుంచి పందెం సైకిళ్ళవాళ్ళ గుంపు ఒకటి దూసుకొచ్చింది.

"ఏం బాబూ, ఇవాళే నేర్చుకుంటున్నావా? పక్కకెళ్ళి నేర్చుకో!"

"దారంతా మీ అత్తగారు రాసిచ్చిందా?" అని ఇంకొకడు నవ్వుతూ పోయాడు.

బస్తియాన్ చెవులదాకా ఎర్రబడ్డాడు. వీబె ఆగలేదు.

డుర్ఖర్డాం అనే పల్లె దగ్గర కట్ట మీదికి ఎక్కేసరికి తూర్పుగాలి మొహాన కొట్టింది. ఏప్రిల్ గాలి, ఎండలో కూడా ఒళ్ళు వణికిస్తుంది. కుడిపక్క నీళ్ళు, ఎడమపక్క చెక్క ఇళ్ళు, ఒక్కో ఇంటికి ఒక్కో రంగు. వీబె ఒక ఆకుపచ్చ తలుపు ముందు ఆగాడు.

"ఇక్కడ ఆగి నీళ్ళు తాగేది. ఈ ఇల్లు కొనుక్కుంటా నాన్నా అనేది. జీతమంతా మూడొందల ఏళ్ళు దాచినా రాదని నేను నవ్వేవాణ్ణి."

"మంచి ఇల్లండీ," అన్నాడు బస్తియాన్.

"మంచిదో చెడ్డదో మిమ్మల్నడగలేదు."

మళ్ళీ బయల్దేరారు. రాన్స్‌డోర్ప్‌లో శిఖరం లేని మొండి చర్చి గోపురం దగ్గర ఆగారు. అక్కణ్ణించి ముందుకెళ్ళాక, తడి గడ్డిలో పొడుగుముక్కు పిట్టలు దిగిన చోట ఆగారు. ఆఫ్రికా నుంచి అప్పుడే తిరిగొచ్చాయవి. ఏటా మొదటి పిట్ట కనిపించిన రోజు నీంకె వాళ్ళమ్మకి ఫోన్ చేసి, మాటల్లేకుండా ఆ కూత ఒక్కటే వినిపించేది. వీబె అదంతా చెప్పాడు. ఒక్కటీ వదలకుండా, మేకు మీద మేకు దిగగొట్టినట్టు చెప్పాడు. బస్తియాన్ తల దించుకుని విన్నాడు. ఒకచోట ముక్కు తుడుచుకున్నాడు. అది గాలికో ఏడుపుకో వీబెకి తెలియలేదు. చెబుతున్నకొద్దీ చల్లారుతుందనుకున్న కడుపు చల్లారలేదు సరికదా, కూతురి గురించిన మంచి మాటలన్నీ ఒక పరాయివాడి మీదికి రాళ్ళలా విసురుతున్నానేమిటని ఎక్కడో గుచ్చుకుంది.

హోలీస్లోట్ అనే పల్లెతో రోడ్డు ఆగిపోతుంది. ఆ తర్వాత నీళ్ళే. వేసవిలో అవతలికి దాటించే చిన్న పడవ ఇంకా మొదలుపెట్టలేదు. గట్టున ఉన్న బల్ల మీద ఇద్దరూ మధ్యలో ఒక మనిషి పట్టేంత జాగా వదిలి కూర్చున్నారు.

"ఇక చెప్పండి, మీరేదో చెప్పాలన్నారుగా," అన్నాడు వీబె.

బస్తియాన్ చేతులు రెండూ మోకాళ్ళ మధ్య పెట్టుకున్నాడు.

"క్షమించమని అడగడానికి రాలేదండీ. అది అడిగే మొహం నాకు లేదు. ఆ అమ్మాయి చివర ఏమందో మీకు తెలియాలని వచ్చాను. మా వకీలు మిమ్మల్ని కలవొద్దన్నాడు. కేసు తేలేదాకా ఆగాను."

వీబె అతని వైపు తిరిగాడు.

"నేను దిగి పరిగెత్తేసరికి తెలివిలోనే ఉంది. దెబ్బలు పైకి కనిపించలేదు. 'నా సైకిలు' అంది. బానే ఉందమ్మా, ముందు చక్రమే వంగింది అన్నాను. 'తాళం వెయ్యండి, ఎత్తుకుపోతారు' అంది. వేస్తాలే అంటే ఊరుకోలేదు. 'ఇప్పుడే వెయ్యండి, ఇది మూడోది' అంది."

వీబె గొంతులోంచి ఒక చప్పుడు వచ్చింది. అది నవ్వే. ఏడాదికో సైకిలు పోగొట్టుకునేది నీంకె. మూడోది కొనిచ్చినప్పుడు, ఇది కూడా పోతే ఇక నడిచి తిరగాల్సిందేనని తిట్టింది తనే. పోలీసులు సైకిలు ఇంటికి తెచ్చినప్పుడు వెనక చక్రానికి తాళం వేసే ఉంది. ఎవరు వేశారో, తాళంచెవి ఏమైందో తెలియక, విరగ్గొట్టడానికి చేతులు రాక, దాన్ని అలాగే షెడ్డులో పెట్టారు.

బస్తియాన్ జేబులోంచి చిన్న తాళంచెవి తీసి బల్ల మీద, తమ ఇద్దరి మధ్యా పెట్టాడు.

"వేసి జేబులో పెట్టుకున్నాను. తర్వాత పది రోజులకి కనిపించింది. రోజూ నాతోనే ఉంది."

వీబె దానికేసి చూస్తూ అడిగాడు. "నొప్పి అందా?"

"లేదండీ. చలేస్తోందంది. నా కోటు కప్పాను. చెయ్యి పట్టుకున్నాను. తొమ్మిది నిమిషాలు. ఆ తర్వాత అంబులెన్సు వచ్చింది."

"అద్దంలో చూశారా, తిరిగే ముందు?"

"చూశాను. ఎవరూ లేరు." అన్నాడు బస్తియాన్. "రెండోసారి చూడలేదు. అంతే. ఇంకోసారి చూసుంటే ఉండేది. కోర్టులో కూడా అదే చెప్పాను."

వీబె ముప్ఫై ఒక్కేళ్ళు ట్రాం నడిపి రిటైరయ్యాడు. ఒక వాన రోజు, సంచీ పట్టుకున్న ఒక ముసలావిడ ట్రాం ముందు నుంచి మూరెడు దూరంలో తప్పించుకుంది. ఆ రోజు తను చూసింది ఎటో కూడా అతనికి గుర్తులేదు. ఆవిడ చెయ్యెత్తి తిట్టి వెళ్ళిపోయింది. వీబె ఇంటికెళ్ళి అన్నం తిన్నాడు. ఆ సంగతి ఆఫ్కెతో కూడా ఎప్పుడూ అనలేదు.

"నేనూ ఒక్కసారే చూసేవాణ్ణి," అన్నాడు. "ముప్ఫై ఒక్కేళ్ళూ ఒక్కసారే. నాకు కలిసొచ్చింది. నీకు రాలేదు."

మీరు కాస్తా నువ్వయిందని ఇద్దరికీ తెలిసింది. వీబె తాళంచెవి తీసి చొక్కా జేబులో వేసుకున్నాడు. సంచీలోంచి రొట్టె, జున్ను తీసి, సగం విరిచి అతనికిచ్చాడు. బస్తియాన్ దాన్ని చేతిలో పట్టుకుని కూర్చున్నాడు.

"తిను. తిరిగెళ్ళాలి, చాలా దూరముంది."

వెనక్కి వచ్చేప్పుడు గాలి వీపుకి తగిలి తోసింది. ఎక్కడా ఆగలేదు. రేవు దగ్గర బస్తియాన్ మెల్లిగా అడిగాడు.

"మళ్ళీ ఎప్పుడైనా రావొచ్చా, అయ్యా? ఈ దారికి?"

వీబె ఆలోచించాడు. "వద్దు," అన్నాడు. "నీ మీద కోపంతో కాదు. నిన్ను చూస్తే ఆ కూడలే కనపడుతుంది నాకు. దారి ఎవరి సొత్తూ కాదు, నువ్వు తొక్కుకో. ఆదివారాలు మాత్రం వద్దు."

బస్తియాన్ తల ఊపాడు. ఈసారి వీబె చెయ్యి చాపాడు.

ఇంట్లో ఆఫ్కె వంటింటి కిటికీ దగ్గరే కూర్చుని ఉంది. కోటు కూడా విప్పకుండా ఎదురుగా కూర్చుని జరిగిందంతా చెప్పాడు. చలి సంగతి చెప్పాలా వద్దా అని పడవలో వచ్చేటప్పుడంతా ఆలోచించాడు. చెప్పేశాడు. తాళం మాట దగ్గర ఆఫ్కె ఫక్కున నవ్వి, నవ్విన నోటినే చేత్తో మూసుకుంది.

"తొమ్మిది నిమిషాలూ చెయ్యి పట్టుకునే ఉన్నాడా?" అంది చివరికి.

"ఉన్నానన్నాడు."

"నేను పట్టుకోవాల్సిన చెయ్యి," అని బల్ల మీద తల వాల్చింది. వీబె ఆమె వీపు మీద అరచెయ్యి వేసి, చీకటి పడేదాకా అలాగే ఉన్నాడు.

ఆ తర్వాతి ఆదివారం వీబె సైకిలు బయటికి తీస్తుంటే ఆఫ్కె కూడా తనది తీసింది. పదకొండు నెలలుగా తొక్కని సైకిలు. టైర్లలో గాలి కొట్టిచ్చాడు. పడవ దిగి, కట్టెక్కి, డుర్ఖర్డాం దాకా తొక్కారు. ఆకుపచ్చ తలుపు దాటాక ఆఫ్కె బ్రేకు వేసింది.

"ఇంక నావల్ల కాదు వీబె. ఇవాళ్టికింతే."

"సరే," అన్నాడతను. ఇద్దరూ సైకిళ్ళు వెనక్కి తిప్పారు.