పెద్ద డ్రమ్ముకి ఏ రంగు

తిరుమలరావు డ్రమ్మును ఆటోలోంచి దించుతూనే చెప్పేశాడు: "బావా, ఈ మెరుపుల షీటు పీకీసి, చెక్క కనపడీలాగ వార్నిష్ ఎయ్యాల. మా నాన్న కొన్ననాడు ఎలగున్నాదో అలగే ఉండాల."

ఆ షీటు కింద ఏముందో నాకు తెలిసినంత ఎవరికీ తెలీదు.

విజయనగరం మూడు లాంతర్ల దగ్గర సందులో నాది వాద్యాల రిపేరు దుకాణం. తిరుమలరావు తండ్రి జగన్నాధం మాస్టారి బ్యాండులో పందొమ్మిదేళ్ళప్పుడు చేరాను. నాకు బతుకుతెరువు చూపించింది ఆయనే. ఆయన పోయి ఆరేళ్ళయింది. వచ్చే నెల పాత బ్యాండువాళ్ళందరినీ పోగేసి, తండ్రి పేరున ఒక్కసారి ఊరేగింపుగా వాయించాలని కొడుకు పట్టుదల.

"ఉత్త చెక్కేటి బావా, బోడిగా ఉంటాది. ఎర్ర మెరుపుల షీటు కొత్తది తెప్పిస్తాను," అన్నాను.

"పెళ్ళికూతురా ఏటి, మెరవడానికి? చెక్కే ఉండాల. అన్నట్టు, ముక్కాంలో ఉన్న నాగబాబు మావకి కూడా ఫోను సేసినాను. పాత గొడవలు మనకెందుకు?"

అతనికి ఆ గొడవేమిటో తెలీదు. అప్పటికి అతను పలక పట్టుకుని బడికి వెళ్ళే పిల్లాడు.

మూడు రోజులు ఫోనులో రంగుల ఫొటోలు పంపాను. ముదురు ఎరుపు, నెమలి నీలం, బంగారు మెరుపు. రంగుల మీద నాకింత ప్రేమ ఉందని నాకే తెలీదు. ప్రతిదానికీ ఒకటే జవాబు: చెక్క.

నాలుగో రోజు ఇక తప్పక షీటు పీకాను. ఉంది. అరచేయంత మేర బొగ్గులా నల్లటి మచ్చ.

ఇరవై ఆరేళ్ళ కిందట శ్రావణంలో కొత్తవలసలో పెళ్ళి. పొద్దున్నుంచీ వాన. చెమ్మకి పెద్ద డ్రమ్ము తోలు సాగిపోయి మూగబోయింది. పెద్ద డ్రమ్ముకి ఎండ చూపించాలే తప్ప మంట చూపించకూడదని మాస్టారు వందసార్లు చెప్పి ఉంటారు. నేను మాత్రం డప్పు కాచుకుంటూ పెరిగినవాణ్ణి. తోలు మెత్తబడితే చెయ్యి దానంతటదే మంటవైపు పోతుంది. ఎవరికీ చెప్పకుండా డ్రమ్మును వంటవాళ్ళ గాడిపొయ్యి పక్కన నిలబెట్టి, ఐదు నిమిషాల్లో వద్దామని భోజనాల బంతిలో కూర్చున్నాను. రెండోసారి పులిహోర వడ్డిస్తున్నప్పుడు కాలిన వాసన వచ్చింది.

ఆ డ్రమ్ము వాయించే నాగబాబు ఓ చుక్క వేసుకుని అరుగు మీద నిద్రపోతున్నాడు. "ఎవడ్రా ఇక్కడెట్టినాడు?" అని మాస్టారు అరిచారు. నా నోట్లోంచి "నాగబాబు మావే" అని వచ్చేసింది. ఆ మాటకి నాకు క్షణం కూడా పట్టలేదు. దాన్ని వెనక్కి తీసుకోవడానికి మాత్రం ఇరవై ఆరేళ్ళు చాలలేదు.

లేపి అడిగితే ఎర్రటి కళ్ళు నులుముకుంటూ, "ఏమో మాస్టారూ, నానే అయ్యుంటాను," అన్నాడు నాగబాబు. తాగి డ్రమ్ము ముట్టినవాడు తన బ్యాండులో ఉండడానికి వీల్లేదని మాస్టారు అతన్ని ఆ సాయంత్రమే పంపేశారు. డ్రమ్ము నా మెడలో పడింది. దసరాకి మాస్టారు మెరుపుల షీటు చుట్టించేదాకా, మచ్చని నా పొట్టవైపు తిప్పుకునే వాయించాను. ఆ తర్వాత షీటే నా సిగ్గు కాపాడింది. పదకొండేళ్ళు ఆ డ్రమ్ము మీదే తిన్నాను.

ఇప్పుడు మచ్చ కనబడితే మాట లేస్తుంది. ఆ రోజున్నవాళ్ళు నాగబాబు ముందే నాగబాబు మాట ఎత్తుతారు. నేను మళ్ళీ అదే అబద్ధం మీద నిలబడాలి. సాండ్ పేపరు పెట్టి చెయ్యి నొప్పెట్టేలా రుద్దాను. మసి లోపలిదాకా దిగింది, ఇంకా రుద్దితే చెక్క చిల్లిపడుతుంది. పుట్టీ పెట్టి గోధుమ రంగు పూస్తే తిరుమలరావు కనిపెట్టలేడనుకున్నాను. పుట్టీ కలుపుతుండగా గుమ్మంలో నీడ పడింది.

"ఒరే కృష్ణా, ఎలగున్నావురా?"

నాగబాబు. జుట్టంతా నెరిసిపోయింది. చేతిలో ఎండుచేపల వాసన కొడుతున్న సంచి. "ఎండు నెత్తళ్ళురా, నీకిష్టం గదా," అని బల్ల మీద పెట్టాడు. నా ఇష్టాన్ని ఇన్నేళ్ళు గుర్తుపెట్టుకున్నాడు.

అతను డ్రమ్ము దగ్గరికెళ్ళి మచ్చ మీద వేళ్ళు పెట్టాడు.

"ఉన్నాదన్నమాట ఇంకా. తిరుమలబాబు రమ్మన్నాడు గానీ నాకు మొకం సెల్లడం లేదురా. మాస్టారు పేనంలాగ సూసుకున్న వస్తువు. ఎప్పుడు తీసికెళ్ళి పొయ్యికాడ ఎట్టినానో ఇప్పటికీ గేపకం రాదు. ఆ రోజు నుంచి సుక్క ముట్టలేదు. అయినా ఏటి లాభం?" అని గొంతు తగ్గించాడు. "ఊరేగింపుకి నా మనవరాలు కూడా వస్తానంటంది. అదడిగితే ఏటి సెప్పను? ఏదో రంగెట్టి దీన్ని కప్పీరా. నీకు పున్నెముంటాది."

నాకు కావలసిందే అతను అడుగుతున్నాడు. రంగులు సిద్ధంగా ఉన్నాయి. ఊఁ అంటే చాలు, అతనూ నేనూ ఇద్దరం బయటపడిపోతాం. నిజం చెబుతున్నాను, ఊఁ అనడానికి నోరు తెరిచాను కూడా.

"మావా, నువ్వు కాదు," అన్నాను. "నాను. డప్పు కాసినట్టు కాద్దామని నానే ఎట్టినాను. మాస్టారు అడిగితే బయమేసి నీ పేరు సెప్పీసినాను."

అతను మచ్చ మీంచి చెయ్యి తియ్యలేదు.

"మరి నానేటి సేస్తన్నాను అప్పుడు?"

"అరుగు మీద తొంగున్నావు మావా. లెగనే లేదు."

"నానే అయ్యుంటానని ఒప్పుకున్నాను గదరా."

"ఒప్పుకున్నావు."

సందులో ఆటో ఒకటి హారన్ కొట్టుకుంటూ పోయింది. అతను అప్పుడు మచ్చ మీంచి చెయ్యి తీశాడు.

"మా ఇంటిది దేవి ఒక్కర్తే నమ్మలేదు," అన్నాడు. "నువ్వు అలగ సెయ్యవయ్యా, ఎంత తాగినా సెయ్యవు అని ఉసురు పోయీదాకా అదే మాట అంది. నీకేటి తెలుసే, నువ్వు సూసినావేటి అని దాని మీద నాను కేకలేసీవోణ్ణి. ఓపాలి సెయ్యి కూడా సేసుకున్నాను."

కాళ్ళు పట్టుకుందామని వంగాను. అతను వెనక్కి జరిగాడు.

"ఏ రంగూ ఎయ్యకు. అలగే ఉండనీ."

గుమ్మం దిగి రెండడుగులు వేశాడు. మళ్ళీ వెనక్కొచ్చి, బల్ల మీది నెత్తళ్ళ సంచి తీసుకుని, నా మొహం చూడకుండా వెళ్ళిపోయాడు.

నేను పుట్టీని చెత్తబుట్టలో పారేసి వార్నిష్ డబ్బా మూత తీశాను. బ్రష్షు తగిలేకొద్దీ చెక్క తేనె రంగులోకి తిరిగింది, మచ్చ ఇంకా నల్లగా పైకి తేలింది. తిరుమలరావుకి ఫోను చేసి, నీతో ఒక మాట చెప్పాలి, సాయంత్రం రమ్మన్నాను. డ్రమ్మును గుమ్మంలోకి జరిపి, మచ్చ ఉన్న వైపు వీధికి తిప్పి ఆరబెట్టాను.