ఆరో అరలో ఎవరు

ఈ గోడలకి వేసిన రంగుని ఏమనాలో, తెలుపు అందామంటే తెలుపు కాదు, పాలు విరిగాక పైన తేలే నీళ్ల రంగు, దీన్ని ఎంచడానికి ముగ్గురు ప్రొఫెసర్లు రెండు నెలలు కూర్చున్నారట అనుకుంటూ తూకాలక్క ఆరో సూపు కప్పుని తూకం యంత్రం మీద పెట్టింది, నూట ఇరవై గ్రాములు, చుక్క అటూ లేదు ఇటూ లేదు, యూనివర్సిటీ పోషకాహార విభాగంలో ఇరవై ఆరేళ్లుగా తూచడమే పని కాబట్టి పిల్లలు ఆ పేరు పెట్టేశారు, ఇంట్లో మొగుడైతే మా ఆవిడ నిట్టూర్పు కూడా గ్రాముల్లోనే విడుస్తుందండీ అని వచ్చినవాళ్లందరికీ చెప్పి తనే నవ్వుకుంటాడు, ఇవాళ మాత్రం నిట్టూర్చడానికీ తీరిక లేదు, పైన హాల్లో కాసేపట్లో సభ, బాగుచేసిన విభాగానికి ప్రారంభోత్సవం, దాంతోపాటే చుట్టుపక్కల వీధుల వృద్ధుల సంఘం వాళ్లు చేసే సన్మానం, తొమ్మిదేళ్ల కిందట ఒంటరిగా ఉండే ఇరవై నలుగురు పెద్దవాళ్లని పిలిచి పన్నెండు వారాలు మధ్యాహ్న భోజనం పెట్టి బరువులు చూశారే, ఆ పరిశోధనకి, అది చూశాకే ఊళ్లో మూడు చోట్ల పెద్దల భోజనశాలలు వెలిశాయి, జ్ఞాపిక మీద మా ఆకలి తెలిసినవారికి అని చెక్కించారట, హెడ్ మేడం పొద్దుటే ఫోన్లో ఫొటో చూపించి ఇందులో సగం నీదే, నిన్నూ వేదిక మీదకి పిలుస్తాం, కొత్త కోటు వేసుకో అంది, వేసుకుంది, మెడ దగ్గర గరగరలాడుతూ గోకుతోంది.

సభకి ముందు ఈ రుచి గది పనితీరు అతిథులకి చూపించాలి, సంఘం నుంచి ఆరుగురు వచ్చి తలా ఒక అరలో కూర్చుంటారు, అర అంటే మనిషి పట్టేంత చెక్క గూడు, వెనక తలుపు, ముందు చిన్న కిటికీకి కిందికీ పైకీ జరిగే రేకు, లోపల ఎర్ర దీపం, ఆ ఎరుపులో సూపు ఏ రంగుదో తెలియదు కాబట్టి నాలుక కళ్ల మాట వినదు, కూర్చున్నవాళ్లు మీట నొక్కితే వంటింటి వైపు వాళ్ల అంకె మీద దీపం వెలుగుతుంది, రేకు ఎత్తి కప్పు లోపలికి తోయాలి, రేకు దించెయ్యాలి, వాళ్ల ముఖం తనకి కనపడదు, తన ముఖం వాళ్లకి కనపడదు, చేతులు మాత్రమే, పద్ధతంటే పద్ధతే గానీ మొదటిరోజు చూసినప్పుడు తూకాలక్కకి ఒళ్లు జలదరించింది, ఎందుకంటే ఇది పాత భోజనాల హాలు, ఇక్కడే పొడుగు బల్లలు వేసి ఇరవై నలుగురూ ఎదురెదురుగా కూర్చుని గొడవలు పడుతూ తినేవాళ్లు, ఆ చివర పెరటి వైపు అద్దాల తలుపు ఉండేది, దాన్ని పగలగొట్టడం దేనికండీ, పైన పలక కొట్టేస్తే పోలా అన్నాడు మేస్త్రీ, కొట్టేశాడు, తలుపు ఇప్పటికీ అక్కడే ఉంది, ఆరో అర పక్కన, గోడ లోపల, అద్దాలతో సహా.

అయిదుగురే వచ్చారక్కా, ఆరో తాతగారికి జలుబట అని సంతకాల కాగితం చూపించింది పరిశోధన చేసే అమ్మాయి, మరి ఆరు కప్పులు తూచానే అనుకుంది తూకాలక్క, సరేలే, ఒకటి దీపం, రెండు దీపం, రేకు ఎత్తడం, నరాలు తేలిన చెయ్యి, రేకు దించడం, మూడు, ఉంగరం ఇరుకైపోయిన వేలు, నాలుగు, అయిదు, గోళ్లకి రంగు వేసుకున్న బామ్మ చెయ్యి, భలే అనుకుని నవ్వబోతుండగా ఆరు వెలిగింది.

ఏమే, ఆరు వెలుగుతోంది చూడు, అంటే ఆ అమ్మాయి మెట్ల మీంచే, కొత్త వైరింగ్ కదక్కా, రెండ్రోజులు దాని ఇష్టమొచ్చినట్టు వెలుగుతుందని ఎలక్ట్రీషియన్ చెప్పాడు, మైకు చూసొస్తా అని వెళ్లిపోయింది, దీపం ఆరింది, అమ్మయ్య, మళ్లీ వెలిగింది, వైరింగైతే ఇలా ఓపిగ్గా వెలుగుతుందా, ఒకసారి, కాసేపు ఆగి ఇంకోసారి, పిలిస్తే పలకని మనిషిని మర్యాదగా మళ్లీ పిలిచినట్టు, ఎలాగూ తూచిన కప్పు పారబొయ్యాలి కదా అని తనకి తనే చెప్పుకుని రేకు ఎత్తింది, ఎర్రటి చీకటి, అంచు మీద ఏమీ లేదు, చెయ్యి లేదు, ఊపిరి చప్పుడు ఉందో అది గాలి గొట్టమో, కప్పు తోసి రేకు ఠక్కున దించేసింది, వెంటనే మిగతా అయిదు అరల చీటీలు తీసుకుంది, ఉప్పు సరిపోయింది, కొంచెం చిక్కగా ఉంది, మిరియం తగ్గించాలి, అన్నీ మామూలు మాటలే, ప్రాణం కుదుటపడింది, ఇక ఆరోది తీసి పారేద్దామని రేకు ఎత్తితే కప్పు ఖాళీ, కడిగినంత ఖాళీ, పైన చెంచా బోర్లా పెట్టి ఉంది, పక్కన చీటీ, వాసన, బాగుంది, రుచి, బాగుంది, ఇతర విషయాలు అన్నచోట పెన్సిలుతో, వడ్డించే ఆవిడ చెయ్యి వణుకుతోంది.

చెయ్యి చూసుకుంది, నిజమే.

అలా రాసే మనిషి ఈ భూమ్మీద ఒక్కతే ఉండేది, పదకొండో నంబరు, దర్జీల వీధిలో కుట్టుపని చేసుకునే ముసలావిడ, వచ్చిన మొదటివారమే అందరి కోట్లకీ ఊడిపోయిన గుండీలు కుట్టేసి గుండీలమ్మ అయిపోయింది, భోజనం ఎలా ఉందో రాయమ్మా అంటే వడ్డించినావిడ రాత్రి నిద్రపోయినట్టు లేదు అని రాసేది, వడ్డించినావిడకి ఇవాళ ఎవరిమీదో కోపం అని రాసేది, అప్పట్లో ఇంట్లో అత్తగారితో మాటల్లేవు, ఆ సంగతి మొగుడికే పట్టలేదు, ఈవిడకెలా తెలిసిందా అని తూకాలక్క ఆ చీటీలు దాచుకునేది కూడా, కానీ గుండీలమ్మ తగ్గిపోతోంది, అందరూ వారానికి పావుకిలో అరకిలో పుంజుకుంటుంటే ఈవిడ పళ్లెం నాకినట్టు తినీ తగ్గిపోతోంది, ఏడో సోమవారం ముప్పై ఎనిమిది కిలోలు, మళ్లీ ఎక్కమ్మా అంటే నవ్వుతూ మళ్లీ ఎక్కింది, ముప్పై ఎనిమిదే, హెడ్ మేడం కాగితం చూసి చాలాసేపు పెన్ను కొరికింది, ఈవిడొక్కతే మొత్తం సగటుని కిందికి లాగేస్తోంది, పంపించెయ్, తనే మానేసినట్టు రాయి అంది, డాక్టరుకి చూపిద్దామా మేడం అని నోటిదాకా వచ్చింది, నోట్లోనే ఉండిపోయింది, స్వచ్ఛందంగా విరమించుకున్నారు అని గుండ్రటి అక్షరాలతో రాసింది ఎవరు, తనే, గుమ్మం దగ్గర నిలబడి రేపట్నించి రానక్కర్లేదండీ, అయిపోయింది అని చెప్పిందీ తనే, గుండీలమ్మ తన భుజం మీదుగా లోపలికి చూసింది, లోపల బల్లలు తుడుస్తున్నారు, పళ్లేలు సర్దుతున్నారు, అయిపోయిందా అమ్మాయ్, సరే అయితే అంది, మర్నాడు మధ్యాహ్నం పెరటి వైపు అద్దాల తలుపు అవతల నిలబడి ఉంది, తట్టలేదు, ఆ మర్నాడూ అంతే, మూడోరోజు తూకాలక్క వెళ్లి తెర లాగేసింది.

నెల తిరక్కుండానే ఓ విద్యార్థిని ఏదో మాటల్లో, దర్జీల వీధిలో కుట్టుపని చేసే ముసలి ప్రాణం ఒకటి పోయిందటక్కా, రెండ్రోజులదాకా ఎవరూ చూసుకోలేదట అంది, తూకాలక్క బాత్రూములోకి వెళ్లి కొళాయి తిప్పి ఏడ్చింది, ఆ తర్వాత తొమ్మిదేళ్లలో ఎన్నిసార్లు ఏడ్చిందో, బస్సు ఆ వీధి మలుపు దగ్గర ఆగితే ఏడుపు, తెగిన గుండీ చూస్తే ఏడుపు, ఆ ఏడుపులో కొంచెం తీపి కూడా ఉండేది, తనెంత మంచిదో తనకే తెలుస్తున్నట్టు, ఇప్పుడు ఏడుపు రావడంలేదు, ఒళ్లంతా చల్లబడింది, ఎందుకంటే ఆరు మళ్లీ వెలిగింది.

గిన్నెలో రెండో రకం సూపు కూడా ఉంది, ఇవ్వకపోతే ఏమవుతుంది, ఏమీ అవదు, కానీ చేతులు కప్పు తూచేశాయి, నూట ఇరవై, రేకు ఎత్తాయి, తోశాయి, ఈసారి దించలేదు, చీకట్లోంచి ఒక చెయ్యి వచ్చింది, సన్నటి చెయ్యి, చూపుడువేలి కొస మీద సూది పోట్ల గరుకు, ఆ ఎరుపులో చర్మం ఏ రంగుదో తెలియదు, బతికిన రంగో కాదో, కప్పు అందుకుని వెనక్కి వెళ్లిపోయింది, లోపల చెంచా కప్పుకి తగులుతున్న చప్పుడు, తీరిగ్గా, మర్యాదగా, తర్వాత పెన్సిలు చప్పుడు, చీటీ అంచు మీదకి జరిగింది, మూడో గుండీ ఊడేలా ఉంది అని, కొత్త కోటు, ఇవాళే సంచీలోంచి తీసింది, అన్నీ గట్టిగా ఉంటాయి అనుకుంటూ వేలు పెట్టి చూస్తే మూడో గుండీ ఒక్క దారానికి వేలాడుతోంది.

వెళ్లిపోవచ్చు, పైకి, వెలుతురులోకి, జనంలోకి, మైకులో ఎవరో ఒకటి రెండు మూడు అంటున్నారు, తూకాలక్క కాళ్లు మాత్రం నడవాలోకి తిరిగి అరల వెనక తలుపులు లెక్కపెట్టుకుంటూ నడిచాయి, అయిదు తలుపులూ తెరిచి ఉన్నాయి, తిన్నవాళ్లు పైకి వెళ్లిపోయారు, ఆరోది మూసి ఉంది, తలుపు వెనక ఏముంటే తను తట్టుకోగలదు, ఖాళీ కుర్చీ ఉంటే తట్టుకోగలదు, ఆవిడే ఉండి శాపనార్థాలు పెడితే అదీ తట్టుకోగలదు, తెరిచింది, ఎర్ర దీపం కింద గుండీలమ్మ కూర్చుని ఉంది, మనిషి కొంచెం ఒళ్లు చేసింది, మెడ మీద అడ్డంగా పాత కోత మచ్చ, ఒళ్లో చేతిసంచీ, సంచీలోంచి సూదీ దారం అప్పటికే తీసి పెట్టుకుంది.

ఇటు తిరుగు అమ్మాయ్, కదిలావంటే గుచ్చుకుంటుంది, సంఘంవాళ్లతోపాటే వచ్చా, సంతకం పెడితే మళ్లీ పొమ్మంటారేమోనని పెట్టకుండా వచ్చి కూర్చున్నాలే, చేతులు చూసి నువ్వేనని పోల్చుకున్నా, అంటూ గుండీకి దారం చుడుతోంది, వేళ్లు కోటు మీంచి కడుపుకి తగులుతున్నాయి, వెచ్చగా ఉన్నాయి, ఆ వెచ్చదనానికి తూకాలక్కకి ఇందాకటి చలికన్నా ఎక్కువ భయమేసింది, మీరు, మీరు పోయారనుకున్నానండీ, నేనా, గొంతులో గడ్డ, తిన్నదంతా అదే తినేసిందిట, మీరు వద్దన్నాక పక్కింటావిడ చూడలేక ఆస్పత్రికి లాక్కెళ్లింది, కోసి తీసేశారు, ఆర్నెల్లకల్లా గుండ్రాయిలా తయారయ్యా, నేను పోయానని నీకెవరు చెప్పారు, దర్జీల వీధిలో ఒక ముసలి ప్రాణం పోయిందని విన్నానండీ, ఓ అదా, మూల కొట్టు దర్జీ ముసలాయన పాపం, ఆడా మగా అని అడగలేదూ నువ్వు.

నడవాలో చెప్పుల చప్పుడు, హెడ్ మేడం, ఎక్కడున్నావు, నీ పేరు పిలవబోతున్నారు, ఎవరీవిడ, తూకాలక్క తల తిప్పకుండా చెప్పింది, పదకొండో నంబరు మేడం, తను మానెయ్యలేదు, మనమే మాన్పించాం, పైకొస్తే నేను మైకులో అదే చెప్తాను, ఎర్ర వెలుతుర్లో మేడం ముఖం ఏ రంగుకి తిరిగిందో తెలియలేదు, పెదవులు ఒకసారి కదిలాయి, సభయ్యాక మాట్లాడుకుందాం, నువ్వు ఇక్కడే ఉండు అంది, అని పసిబిడ్డ నిద్రపోయిన గది తలుపు వేసినట్టు మెల్లగా తలుపు వేసి వెళ్లిపోయింది, పైన చప్పట్లు మొదలయ్యాయి, పైకప్పు పగిలేలా చప్పట్లు, గుండీలమ్మ పళ్లతో దారం కొరికి, ఇంకొంచెం సూపుందా అమ్మాయ్ అని అడిగింది, ఉందండీ, తెస్తానండీ అంటూనే తూకాలక్క అక్కడే నిలబడిపోయింది, ఆడా మగా, రెండే రెండు మాటలు, ఆ పిల్లని అప్పుడే అడగొచ్చు, మర్నాడు అడగొచ్చు, తొమ్మిదేళ్లలో ఏ రోజైనా బస్సు దిగి ఆ వీధిలో ఎవరినైనా అడగొచ్చు, నాలుగంగల దూరం, అడగలేదు, ఎవరూ ఈవిడ పోయిందని తనకి చెప్పలేదు, బతికుంటే వెళ్లి ఆ గుమ్మంలో నిలబడాలి, ఏం చెప్పాలో తెలియక నిలబడాలి, పోయినవాళ్ల కోసమైతే కూర్చున్నచోటే ఏడవొచ్చు, అందుకని ఈవిడని తనే చంపుకుంది.