మార్లిస్ పేరు తీయించే బిల్లు

అమెరికాలోని వయోమింగ్ రాష్ట్ర సెనేటర్ ఆర్విల్ ట్వైట్ భార్య మార్లిస్ పోయి మూడేళ్లయింది. అయినా ఒక చెప్పుల కంపెనీ ఆమెకు పుట్టినరోజు శుభాకాంక్షలు అతని ఫోనుకు పంపుతూనే ఉంది. వాళ్ల జాబితాలోంచి ఆ పేరు తీయించాలనే అతను వినియోగదారుల సమాచార రక్షణ బిల్లు తెచ్చాడు. చట్టాన్ని సొంతంగా ఎవరూ రాయరు. అతనూ సముద్రతీరపు రాష్ట్రం ఒకదాని చట్టాన్ని దించేశాడు.

"తీసెయ్యమని వినియోగదారే స్వయంగా అడగాలి సార్," అన్నాడు కమిటీ ముందు కంపెనీల తరఫు మనిషి బ్రాంట్.

"శ్మశానంలో ఉందయ్యా. వెళ్లి అడిగించుకురా," అన్నాడు ఆర్విల్.

"ఒక్క మాట మార్చినా మిగతా రాష్ట్రాలతో పొంతన కుదరదండి."

"అక్కడెవరూ చావరా?"

అధ్యక్షురాలు లొరెట్టా కళ్లజోడు సవరించుకుంది. "ఇందులో సముద్రపు జాలర్ల సంఘాలకు మినహాయింపు ఉందేంటి? మనకు సముద్రమే లేదుగా."

"ఉండనివ్వండి మేడం, ఎవరికీ నష్టం లేదు," అన్నాడు బ్రాంట్.

"లేని జాలర్లకు చోటుంది, పోయిన నా పెళ్లానికి లేదు," అన్నాడు ఆర్విల్.

కమిటీ పగలబడి నవ్వింది. ఆ నవ్వు ఆగకముందే లొరెట్టా ఓటింగ్ పెట్టేసింది. చనిపోయినవారి తరఫున భర్తో భార్యో అడగవచ్చన్న వాక్యం నెగ్గింది. భోజనం వేళయిందని జాలర్లను ఎవరూ కదిలించలేదు.

బ్రాంట్ అభినందిస్తూ చేయి చాపాడు. ఆర్విల్ ఆ చేతిలో తన ఫోను పెట్టాడు.

"చట్టమయ్యేదాకా నేనాగను. ఆ చెప్పుల కంపెనీకి ఫోన్ చెయ్యి."