వెనక తలుపు మీది ఎలుగుబంటి

చప్పట్లు ఇంకా ఆగలేదు.

రెండో తరగతి గది నిండా తల్లిదండ్రులే. పొట్టి బెంచీల మీద మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూర్చుని, ఫోన్లు పైకెత్తి ఫోటోలు తీస్తున్నారు. ముందు నిలబడ్డ ఏడేళ్ళ పిల్ల చేతిలో ఒక బొమ్మల పుస్తకం ఉంది. పేజీ మీద గొడుగు పట్టుకున్న ఎలుగుబంటి, తన ఇంటి తలుపు దగ్గర నిలబడి అందరినీ చేత్తో పిలుస్తోంది.

“వానొచ్చింది, చలేసింది. తలుపు తోసుకుని లోపలికి రండి. మా ఇల్లు వెచ్చగా ఉంది!”

గడగడా చదివేసింది పిల్ల. ఎక్కడా తడబాటు లేదు. ఇంట్లోనూ బడిలోనూ అందరూ పిచ్చుక అని పిలిచే ఆ పిల్ల మెడలో పెద్ద టీచరు స్వయంగా పతకం వేసింది.

ఆ బడిలో అదొక పద్ధతి. చిన్న తరగతుల పిల్లలు తప్పక చదవాలని ఎంపిక చేసిన నలభై బొమ్మల పుస్తకాల జాబితా గోడ మీద పటం కట్టి ఉంటుంది. నలభయ్యీ పూర్తి చేసిన పిల్లలకు పఠన దినం నాడు పతకం ఇస్తారు. ఈ ఏడాది తరగతిలో ఉన్న అరవై మందికీ పతకాలు వచ్చాయి. అంతమందికీ ఎలా వచ్చాయని ఒక్కరూ అడగలేదు.

వెనక బెంచీలో పిల్ల తండ్రి కళ్ళు తుడుచుకున్నాడు. అతను ప్రెస్సులో పుస్తకాలు కుట్టే బైండరు. వేళ్ళ సందుల్లో జిగురు ఎండి చర్మంలో కలిసిపోయిన మనిషి. ఆ నలభై పుస్తకాల్లో సగం అతని చేతుల మీదుగా కుట్టు పడ్డవే. రెండేళ్ళ వయసులో తల్లిని పోగొట్టుకున్న పిల్లను ఇంతవరకు తీసుకొచ్చానన్న తృప్తి అతనిది.

“చూశావా అమ్మా, నీళ్ళు తాగినట్టు చదివేసింది!”

పక్కనున్న అతని తల్లి చప్పట్లు కొట్టలేదు. ఆవిడకు అక్షరం ముక్క రాదు.

“కళ్ళేమో కిటికీ మీద, నోరేమో పుస్తకం మీద. చదివేవాళ్ళ కళ్ళు కదలవట్రా?” అంది.

“నీకు చదువు రాదు గానీ పరీక్షలు మాత్రం పెడతావు.”

“వంట రానివాడికి ఉప్పు తక్కువైందని తెలియదా ఏంటి?”

అతను నవ్వేశాడు. ఆ నవ్వుకు మర్నాడు మధ్యాహ్నానికల్లా జవాబు చెప్పుకోవలసి వస్తుందని అతనికి తెలియదు.

బయటికి వస్తుంటే ముసలావిడ పుస్తకాల బీరువా ముందు ఆగిపోయింది. అద్దాల వెనక నలభై పుస్తకాలూ నిన్ననే ప్రెస్సు నుంచి వచ్చినట్టు మెరుస్తున్నాయి. బీరువాకు తాళం ఉంది.

“అరవైమంది చదివారంటున్నారు. ఇంత కొత్తగా ఎలా ఉన్నాయిరా ఇవి?”

“క్రమశిక్షణంటే అదే మరి,” అన్నాడు బైండరు మురిసిపోతూ. ఒక్క అట్ట నలగలేదు. ఒక్క పేజీ మూల మడత పడలేదు. అతనికి ఆ బీరువా గుడిలా కనిపించింది.

మరి అతని ఇంట్లో ఏముంది? ప్రెస్సులో మిగిలిన పుస్తకాలను యజమాని ఇస్తే తెచ్చి, ఒక్కొక్కదాన్నీ ప్లాస్టిక్ కవరులో చుట్టి, పిల్లకు అందకుండా పై అరలో పేర్చాడు. ఆదివారం పిల్ల చేతులు సబ్బుతో కడుక్కుని వస్తే ఒకటి దించుతాడు. పేజీలు తనే తిప్పుతాడు, తనే చదువుతాడు. పిల్ల చేతులు కట్టుకుని బొమ్మలు చూస్తుంది.

ఆ రాత్రి కూడా అడిగింది. “పతకం వచ్చిందిగా నాన్నా. పై అరలోని తాబేలు పుస్తకం నా దగ్గర పడుకోబెట్టుకోనా?”

“నలిగిపోతుందమ్మా. పుస్తకం మడత పడిందంటే నాకు వేలు విరిగినట్టుంటుంది.”

పిల్ల పతకాన్నే పక్కలో పెట్టుకుని పడుకుంది.

మర్నాడు శనివారం. ప్రెస్సులో పొద్దున్నే గొడవ మొదలైంది. వెనకనున్న కాగితాల గదిలో కట్టలకు పురుగు పట్టింది. సోమవారం పంపాల్సిన బొమ్మల పుస్తకాల ఫారాలన్నీ, అంటే అచ్చయి కుట్టాల్సిన షీట్లన్నీ, అందులోనే ఉన్నాయి. యజమాని ఫోను చేస్తే, పదకొండు దాటాక మూతికి గుడ్డ కట్టుకుని మందు పెట్టే మనిషి వచ్చాడు. కట్టల మధ్య నాలుగు డబ్బాలు పెట్టి, కిటికీలు మూసి, ముందు తలుపు సందులన్నీ టేపుతో బిగించాడు. వెనక సందులోకి తెరుచుకునే చిన్న తలుపు దగ్గరికి వచ్చేసరికి టేపు అయిపోయింది. ఆ తలుపు గొళ్ళెం ఊడిపోయి నెలైంది. అడుగున గుడ్డలు కుక్కి దగ్గరగా వేశాడు.

“టేపు తెచ్చి అంటిస్తాను. ఈలోగా ఎవరూ తియ్యకుండా కాగితం మీద రాసి పెట్టండి. లోపల పావుగంట ఉంటే మనిషి మిగలడు. తలుపుకు అంటించే పుర్రె బొమ్మలు తేవడం మర్చిపోయాను,” అన్నాడు. వెళ్ళబోతూ ఆగి, “ఇటువైపు చిన్నపిల్లలెవరైనా వస్తారా?” అని అడిగాడు.

“మా అమ్మాయి వస్తుంది. బడి వదిలాక రోజూ ఈ తలుపులోంచే వచ్చి కట్టల మీద కూర్చుంటుంది,” అన్నాడు బైండరు. “దానికేం భయం లేదులెండి, చదువొచ్చిన పిల్ల. నిన్ననే పతకం కొట్టింది.”

“అయితే మంచిది,” అని అతను వెళ్ళిపోయాడు.

బైండరు చుట్టూ చూశాడు. దళసరి కాగితం కావాలి. మూల పడేసిన వేస్టు షీట్లలో ఒకటి లాగాడు. బొమ్మల పుస్తకాలకు ముందు రంగులు పడతాయి, నల్ల అక్షరాలు తర్వాత పడతాయి. ఇది రంగులు మాత్రమే పడి పాడైపోయిన షీటు. పైన బొమ్మ ఉంది, కింద అక్షరాలు పడాల్సిన చోటు తెల్లగా, విశాలంగా, రాసుకోవడానికి అనువుగా ఉంది. పైన గొడుగు పట్టుకున్న ఎలుగుబంటి, తలుపు దగ్గర నిలబడి పిలుస్తోంది.

‘పిచ్చుకకు ఇష్టమైన బొమ్మ. చూస్తే నిలబడి చదువుతుంది,’ అనుకున్నాడు. లావు పెన్నుతో, బడి గోడ మీద రాసినంత గుండ్రంగా రాశాడు: లోపల విషం ఉంది. తలుపు తీయవద్దు. జిగురు పూసి, పిల్ల కళ్ళ ఎత్తుకు సరిగ్గా అంటించాడు. రెండడుగులు వెనక్కి వేసి చూసుకున్నాడు. పని శుభ్రంగా వచ్చింది.

తర్వాత కటింగ్ మిషను దగ్గరికి వెళ్ళిపోయాడు. ఆ మిషను తిరుగుతుంటే పక్కన పిడుగు పడ్డా వినపడదు.

బడి పన్నెండుకు వదులుతారు. నడిస్తే అయిదు నిమిషాల దారి. గోడ గడియారం పన్నెండూ పది చూపించింది. టేపుకు వెళ్ళిన మనిషి ఇంకా రాలేదు. వెనక తలుపు మూసి ఉందని చుట్టూ తిరిగి ముందునుంచి వస్తుంది కాబోలు అనుకున్నాడు. మరో కట్ట మిషను కింద పెట్టాడు.

ఫారాలు మడిచే ఆవిడను అక్కడ అందరూ మడతల అక్క అంటారు. చేతులూ అన్నం గిన్నెలూ కడుక్కోవడానికి వెనక సందులోకి వెళ్ళినావిడ పన్నెండూ పావుకు నవ్వుకుంటూ వచ్చి, మిషను ఆపమని సైగ చేసింది.

“ఏమయ్యా తండ్రీ, నీ కూతురు గొంతు ఎంత బాగుందో! సందు చివర కుళాయి దగ్గర ఉన్నాను, అక్కడిదాకా వినపడింది. నువ్వు అంటించిన కాగితం ముందు నిలబడి పెద్దగా చదివింది.”

బైండరు మొహం వెలిగింది. “ఏమని చదివింది?”

“ఏమనేంటి? వానొచ్చింది, చలేసింది, తలుపు తోసుకుని లోపలికి రండి అని. మందు పెట్టారు కదా, ఇదేం పిలుపు రాశాడబ్బా అనుకున్నాను. ఎండలో వానేంటని నవ్వొచ్చింది కూడా.”

బైండరు ఒక్క క్షణం అర్థం కానట్టు చూశాడు. అతను ఆ మాట రాయలేదు.

ఆ తర్వాత అతనెలా పరుగెత్తాడో మడతల అక్కకు తెలియదు. దారిలో జిగురు బక్కెట్టు బోర్లాపడింది. వెనక సందులో, తలుపు అడుగున కుక్కిన గుడ్డలు పక్కకు తోసి ఉన్నాయి. తలుపు దగ్గరగా వేసి ఉంది, పిల్ల మర్యాదగా మళ్ళీ మూసి పెట్టింది. దాని మీద ఎలుగుబంటి ఇంకా పిలుస్తూనే ఉంది.

చొక్కా మూతికి అడ్డం పెట్టుకుని తలుపు తన్నాడు. కళ్ళు భగ్గున మండాయి. కట్టల వెనక, రోజూ కూర్చునే చోటే, పిల్ల పక్కకు ఒరిగి ఉంది. బడి సంచీ ఒళ్ళో ఉంది. ఎత్తుకుంటే మెడ నిలబడలేదు.

“పిచ్చుకా! ఒసేయ్ పిచ్చుకా!”

సందులోకి తెచ్చి పడుకోబెడితే, చాలాసేపటికి, అతనికి జీవితమంత పొడుగనిపించినంత సేపటికి, పిల్ల వాంతి చేసుకుంది. మడతల అక్క బావురుమంది. యజమాని బండి తీశాడు.

ఆసుపత్రి డాక్టరమ్మ మాటలు తూచినట్టు మాట్లాడింది. “ఇంకో అయిదు నిమిషాలైతే మీరు నా దగ్గరికి వచ్చినా లాభం ఉండేది కాదు. ఈ రాత్రి గడవాలి.”

రాత్రి గడిచింది. తెల్లారాక పిల్ల కళ్ళు తెరిచి తండ్రి మొహం వెతికింది.

“నాన్నా, నేను తప్పు చదివానా?”

అతను మంచం మీదికి వంగాడు. “ఆ కాగితం మీద ఏముందమ్మా?”

“ఎలుగుబంటి.”

“దాని కింద?”

పిల్ల ఆలోచించింది. “అక్షరాలున్నాయి. పుస్తకంలో వాటికంటే పెద్దవి. బొమ్మ అదేగా నాన్నా, మాటలు కూడా అవేగా మరి? మా టీచరమ్మ బొమ్మ చూపిస్తుంది, మేం చెబుతాం. అందరం అంతే.”

ఆ మధ్యాహ్నం తరగతి టీచరమ్మ వచ్చింది. వయసు ముప్పై కూడా ఉండదు. మంచం దగ్గరికి రాకుండా గుమ్మంలోనే నిలబడిపోయింది.

“పుస్తకాలిచ్చి చదివించాల్సింది మీరు కాదా?” బైండరు గొంతు పెరిగింది. “నలభై పుస్తకాలన్నారు! పతకం వేశారు! నా పిల్లకు నాలుగు మాటలు చదవడం రాదు!”

“బీరువా తాళం పెద్ద టీచరు దగ్గరుంటుందండీ,” అంది టీచరమ్మ తల వంచుకుని. “తనిఖీకి వచ్చేవాళ్ళకు పుస్తకాలు కొత్తగా కనపడాలి. ఒక పేజీ చిరిగితే నేను సంజాయిషీ రాయాలి. అందుకని నేనే పట్టుకుని చూపించేదాన్ని, చదివేదాన్ని. వాళ్ళు వల్లించేవాళ్ళు. వల్లిస్తే పతకం. నేను అడ్డు చెప్పలేదు. తప్పే.”

“తప్పా? దీన్ని తప్పంటారా? నా పిల్ల చచ్చిపోయేది!”

“ఆవిడ మీద అరుస్తావేరా?”

మూల స్టూలు మీద కూర్చున్న ముసలావిడ మాట అది.

“బడి బీరువాకు తాళం వేశారు, నిజమే. మరి నీ పై అర సంగతేంటి? పిల్ల ఒక్క పుస్తకాన్ని పక్కలో పడుకోబెట్టుకుంటానంటే ఇచ్చావా? పుస్తకం నలుగుతుందన్నావు. రాత్రంతా నలిగింది పుస్తకమా, పిల్లా?”

ఇంత అరిచిన బైండరూ మంచం కోడు పట్టుకుని కింద కూలబడ్డాడు.

పిల్ల ఇంటికి వచ్చిన రోజున పై అర ఖాళీ అయింది. ప్లాస్టిక్ కవర్లన్నీ అతనే చించాడు. మొదటి వారంలో తాబేలు పుస్తకం మీద పాలు ఒలికాయి. రెండో వారంలో దాని అట్ట ఊడింది. అతను దాన్ని అతికించి మళ్ళీ పిల్ల చేతికే ఇచ్చాడు. సాయంత్రం పూట బొమ్మ మీద అరచెయ్యి మూసి, “ఇప్పుడు కింద ఏముంది తల్లీ?” అని అడిగేవాడు. పిల్ల వేలు పెట్టి, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ, చెమటలు కక్కుతూ చదివేది. ఒక్కో వాక్యానికి ఒక్కో సాయంత్రం పట్టేది.

మూడు నెలల తర్వాత తల్లిదండ్రుల సమావేశం పెట్టారు. పిల్లలు కూడా పతకాలు వేసుకుని ముందు బెంచీల్లో కూర్చున్నారు. బైండరు సంచీలో ఒక పుస్తకం తెచ్చాడు. జాబితాలోదే, ఎలుగుబంటి పుస్తకమే. కాకపోతే ప్రతి బొమ్మ మీదా తెల్లకాగితం అంటించి ఉంది. కింద అక్షరాలు మాత్రమే కనిపిస్తున్నాయి.

“పెద్ద టీచరుగారూ, నాకు ఒక్క నిమిషం ఇవ్వండి,” అన్నాడు. పెద్ద టీచరు మొహం మాడ్చుకున్నా కాదనలేకపోయింది.

ముందు పిచ్చుక లేచింది. వేలు పెట్టింది. “వా... నొ... చ్చిం... ది. వానొచ్చింది.” తల ఎత్తి తండ్రిని చూసి నవ్వింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. పతకం పిల్ల ఇలా తడబడుతోందేమిటని కొందరు మొహాలు చూసుకున్నారు.

“ఇప్పుడు ఎవరైనా సరే, తర్వాతి మాట చదవండర్రా,” అన్నాడు బైండరు మెల్లగా. “రాకపోతే తప్పు మీది కాదు.”

పుస్తకం మొదటి బెంచీ నుంచి రెండో బెంచీకి వెళ్ళింది. రెండో బెంచీ నుంచి మూడోదానికి. మెడల్లో పతకాలు మెరుస్తున్నాయి. ఒక్క గొంతూ లేవలేదు. ఫోన్లు పైకెత్తిన తల్లులు ఒక్కొక్కరే చేతులు దించారు. గది చివర నిలబడ్డ టీచరమ్మ ముందుకు వచ్చి, పెద్ద టీచరు ముందు అరచెయ్యి చాపింది, బీరువా తాళంచెవి కోసం.

పెద్ద టీచరు చివరికి తాళంచెవి తీసి ఆ చేతిలో పెట్టింది.

“ఈ పిల్లలందరూ ఇవాళ్టికీ నా కూతురు నిలబడ్డ తలుపు ముందే నిలబడి ఉన్నారు,” అన్నాడు బైండరు. “బస్సు మీద, మందు సీసా మీద, కరెంటు స్తంభం మీద ఏం రాసి ఉందో వీళ్ళకు తెలియదు. తెలియదన్న సంగతి మనకు తెలియదు. పిల్లల చేతిలో నలగని పుస్తకం పుస్తకం కాదు, అలంకారం. చింపనివ్వండి, మరకలు చెయ్యనివ్వండి. పుస్తకం చిరిగితే తీసుకురండి, కుట్టి అతికించడానికి నేనున్నాను. చదువు వచ్చిందని అబద్ధం చెప్పి పంపిన పిల్లను తిరిగి అతికించే బైండరు మాత్రం ఈ లోకంలో ఎక్కడా లేడు.”